అమ్మ టిఫిన్ బండి ట్రాక్టర్ ఎక్కించేశారు, పక్క షాపు ర్యాంపు మాత్రం అలాగే ఉంది. మేము అడగొచ్చా?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం అండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మాది గోదావరి వైపు ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయట్లేదు, రాస్తే రేపు అమ్మకే ఇబ్బంది. బస్టాండ్ రోడ్డులో అమ్మ 14 ఏళ్ళ నుంచి టిఫిన్ బండి పెడుతుంది, పొద్దున ఇడ్లీ, అట్టు, సాయంత్రం పునుగులు, బజ్జీ. నాన్నగారు పోయాక ఆ బండి మీదే నన్నూ చెల్లినీ చదివించింది. నేనిప్పుడు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నా.

పోయిన మంగళవారం పొద్దున ఏడున్నరకి, సరిగ్గా గిరాకీ టైములో ట్రాక్టర్ వచ్చింది. ఆరుగురు దిగారు. ముందు రోజు చెప్పింది లేదు, కాగితం లేదు. ఒకాయన బకెట్లో ఉన్న నీళ్ళు తీసి స్టవ్ మీద కుమ్మరించాడట, పెనం మీద అట్టు అలాగే ఉంది. తినేవాళ్ళు ప్లేట్లు పట్టుకుని పక్కకి జరిగారు. పిండి గిన్నెలు, గొడుగు, సిలిండర్, బండి మొత్తం ఎక్కించేశారు. అమ్మ "బాబూ పెనం కాలిపోతుంది, చెయ్యి పెట్టకండి" అంటానే ఉందట, అప్పుడు కూడా వాళ్ళ చేతులు కాలతాయనే చూసుకుంది. ఆ ఆరుగురిలో ఒకబ్బాయి రోజూ మా బండి దగ్గరే తింటాడు, ఆ రోజు అమ్మ మొహం చూడలేదంట.

నాకు కడుపు మండేది ఇక్కడండీ. మా బండికి పదడుగుల దూరంలో ఒక పెద్ద షాపు ఉంది. దాని సిమెంట్ ర్యాంపు డ్రైన్ మీద నుంచి రోడ్డులోకి ఐదడుగులు ఉంటుంది, దాని పైన జనరేటర్. ఆ పక్కనే ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, రెండు సరుగుడు కర్రలు రోడ్డులోనే పాతారు, పుట్టినరోజు అయిపోయి నెల దాటింది. వాటి జోలికి ఎవరూ పోలేదు. ట్రాక్టర్ తిప్పుకోడానికి ఆ ర్యాంపు అడ్డమొస్తే డ్రైవర్ రివర్స్ తీసుకుని మరీ వెళ్ళాడు.

ఆఫీసుకి వెళ్తే ఫైన్ కట్టమన్నారు. 2000 కట్టింది. రసీదు అడిగితే "మళ్ళీ అక్కడ పెట్టకుండా ఉంటే చాలు, రసీదు ఎందుకమ్మా" అన్నారంట. మూడో రోజు బండి ఇచ్చారు. పెనం లేదు, స్టవ్ లేదు, గొడుగు లేదు. అడిగితే ఎవరికీ తెలీదు. ఆ పెనం 14 ఏళ్ళ నాటిది, కొత్త పెనం మీద అట్టు అంటుకుపోతుంది, దాన్ని లొంగదీయడానికే నెల పడుతుంది. వంట చేసేవాళ్ళకి అర్థమవుతుంది.

ఇంకో మాట. అమ్మ దగ్గర రోజూ ఆశీలు వసూలు చేస్తారు, కాంట్రాక్టర్ మనిషి వచ్చి 20 రూపాయలు తీసుకుని స్లిప్ ఇస్తాడు. ఆ స్లిప్పులు అమ్మ రబ్బరు బ్యాండు వేసి బిస్కెట్ డబ్బాలో దాచింది, డబ్బా నిండిపోయింది. మరి అక్కడ అమ్మడం తప్పయితే ఇన్నేళ్ళు ఏ లెక్కన డబ్బులు తీసుకున్నారు? తప్పు కాకపోతే బండి ఎందుకు ఎత్తారు?

అమ్మేమో "వాళ్ళతో మనకెందుకురా, వదిలెయ్" అంటుంది. ఇప్పుడు రోడ్డు మీద ఏ ట్రాక్టర్ సౌండ్ వచ్చినా గరిటె ఆపేసి అటు చూస్తుందని చెల్లి చెప్పింది. నాకు డబ్బులు ముఖ్యం కాదు. చట్టం ప్రకారం మాకు ఏమైనా ఉందా, అడిగితే ఇంకా పగబడతారా, చెప్పండి.

---

కోర్టు_పక్షి

తమ్ముడూ, నేను లాయర్ని కాదు, లాయర్ దగ్గర 11 ఏళ్ళు గుమాస్తాగా చేశాను, వీధి వ్యాపారుల కేసులు కొన్ని దగ్గరుండి చూశాను.

మీకు ఉంది. చాలానే ఉంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో సెక్షన్ 3 ఒక్కటి చదువు చాలు, ఊళ్ళో వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ అమ్ముకోవచ్చనే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ అక్కడి నుంచి తీయకూడదు, వేరే చోటికి మార్చకూడదు అని ఉంటుంది. సర్వే ఐదేళ్ళకోసారి చెయ్యాలి. సర్టిఫికెట్ ఇచ్చాక తీయాలన్నా సెక్షన్ 18 ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటినా కదలకపోతే అప్పుడు రోజుకి 250 దాకా పెనాల్టీ, సామాన్లు పట్టుకోవడం అప్పుడే. అంటే మీ అమ్మగారి విషయంలో ఆఖర్న చెయ్యాల్సింది మొదటే చేశారు.

సామాన్లు పట్టుకున్నా సరే, అక్కడికక్కడే లిస్టు రాయాలి, సంతకం పెట్టి ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. ఇది సెక్షన్ 19. మీరు వెళ్ళి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు ఇచ్చెయ్యాలి, పాడవనివి రెండు వర్కింగ్ డేస్‌లో. ఇడ్లీ పిండి పాడైపోయే సరుకే కదా. పెనం, స్టవ్ ఏమయ్యాయో ఎవరికీ తెలీదన్నారంటే లిస్టు రాయలేదనే అర్థం. లిస్టు రాసి ఉంటే ఎవడో ఒకడు జవాబుదారీ అయ్యేవాడు, అందుకే రాయరు.

2000 సంగతి చూడు. సర్టిఫికెట్ లేకుండా అమ్మితే వేసే పెనాల్టీకి ఆ చట్టంలో పై హద్దే 2000. అసలు సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళది, అది ఇచ్చారో లేదో చూడకుండా, ఉన్నదాంట్లో పెద్ద మొత్తం రసీదు లేకుండా తీసుకున్నారు. రసీదు లేని డబ్బు ఏ ఖాతాలో పడిందో నేను చెప్పక్కర్లేదు.

ఆశీలు స్లిప్పులు జాగ్రత్త. ఒక్కటి కూడా పారెయ్యొద్దు. అమ్మగారు అన్నేళ్ళుగా అక్కడే అమ్ముతున్నారని అంతకంటే సాక్ష్యం ఉండదు, అదీ వాళ్ళ కాంట్రాక్టర్ ఇచ్చిందే. కరోనా టైములో పీఎం స్వనిధి లోను 10,000 గానీ, జగనన్న తోడు గానీ తీసుకున్నారా? తీసుకుంటే ఆ పేపర్ కూడా పెట్టు. స్వనిధికి వీధి వ్యాపారి అని మున్సిపాలిటీ కార్డో లెటరో ఇస్తేనే బ్యాంకు కదులుతుంది. అమ్మగార్ని వ్యాపారి అని ఒకసారి రాసిచ్చిన ఆఫీసు ఇప్పుడు ఆక్రమణదారు అనడానికి లేదు.

చెయ్యాల్సింది, ముందు కమిషనర్ పేరు మీద ఒక అర్జీ, రెండు కాపీలు, ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట ఇచ్చి నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. దాంతో పాటు ఆర్టీఐ పెట్టు, పది రూపాయలే, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ఏం అడగాలంటే, టౌన్ వెండింగ్ కమిటీ (ఊళ్ళో వీధి వ్యాపారుల విషయాలు చూసే కమిటీ) ఎప్పుడు వేశారు, దాని మీటింగుల మినిట్స్, సర్వే తేదీ, ఆ మంగళవారం డ్రైవ్‌కి ఇచ్చిన ఆర్డర్ కాపీ, పట్టుకున్న సామాన్ల రిజిస్టర్ కాపీ. కమిటీలో 40 శాతం తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. చాలా ఊళ్ళలో ఆ కమిటీ ఉందని వ్యాపారులకే తెలీదు. ఆర్టీఐకి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ లాయర్ని ఫ్రీగా ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యండి. అమ్మగారి పేరు మీదే వెళ్ళండి.

---

ఫుట్‌పాత్_ఎక్కడ

నన్ను తిట్టుకున్నా పర్లేదు కానీ రెండో వైపు కూడా చెప్పాలి. మా మామగారికి 76, వాకర్ పట్టుకుని నడుస్తారు. మా వీధి చివర ఫుట్‌పాత్ అంతా బళ్ళే. పోయినేడాది ఆయన బండి పక్క నుంచి రోడ్డులోకి దిగారు, బైక్ గుద్దింది, తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం. ఆ బండి ఆయన మంచివాడే, హాస్పిటల్‌కి పళ్ళు కూడా తెచ్చాడు. కానీ మా మామగారు నడిచే దారి ఆయన బండి కింద ఉంది, ఏం చెయ్యమంటారు?

2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద హక్కే, వికలాంగులు కూడా నడిచేలా ఉండాలి, ఆక్రమణలు తియ్యాలి అని. కాబట్టి బళ్ళు తియ్యడమే తప్పు అని మాత్రం అనకండి.

కాకపోతే గోదారి గట్టు గారూ, మీ పోస్టులో ఆ ర్యాంపు గురించి చదివి ఆగిపోయాను. మా వీధిలో కూడా డ్రైవ్ అయ్యాక బళ్ళు పోయాయి, మా మామగారు ఇప్పటికీ రోడ్డులోనే నడుస్తున్నారు. ఎందుకంటే షాపుల మెట్లు, ర్యాంపులు, ఒక నాయకుడి విగ్రహం దిమ్మె అలాగే ఉన్నాయి. రోడ్ల మీద కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది, మా విగ్రహం ఆ తర్వాత లేచిందే. డ్రైవ్ మా కోసం చేశామని ఆఫీసర్ పేపర్‌కి చెప్పాడు. నడిచేవాళ్ళ పేరు చెప్పి బళ్ళవాళ్ళని కొడతారు, మాకు మాత్రం నడిచే జాగా రాదు. ఇంక వాళ్ళు ఏం చెప్పినా నేను నమ్మను.

---

పాత_ఉద్యోగి

నేను మున్సిపల్ సర్వీసులో చేసి రిటైర్ అయ్యాను. ఏ ఊరో వద్దు. ఇలాంటి ట్రాక్టర్ల వెనకాల నేనూ నడిచాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెప్తా.

పొద్దున్నే ఫోన్ వస్తుంది. మంత్రిగారు ఆ రోడ్డు మీద వస్తున్నారనో, ఎవరో ఫోటో తీసి పెట్టారనో, లేకపోతే ఆ రోడ్డులో షాపు వాళ్ళే "మా ముందు బండి అడ్డంగా ఉంది" అని కౌన్సిలర్‌కి చెప్పుకున్నారనో. కాగితం ఉండదు. "మధ్యాహ్నానికల్లా ఫోటోలు గ్రూపులో పెట్టండి" అంటారు. అంతే. మధ్యాహ్నానికల్లా ఫోటో రావాలంటే ఏం తియ్యగలం? చక్రాలున్నది తియ్యగలం. ర్యాంపు కొట్టాలంటే జేసీబీ కావాలి, టౌన్ ప్లానింగ్ వాళ్ళు కొలవాలి, నోటీసు ఇవ్వాలి, అతను నోటీసు తీసుకుని నేరుగా హైకోర్టుకి పోయి స్టే తెస్తాడు, ఈ లోపు మాకు నాలుగు ఫోన్లు. ఒకసారి నేనూ ఒక ర్యాంపుకి నోటీసు రాశాను, మూడో వారానికి నన్ను వేరే సెక్షన్‌కి వేశారు. తర్వాత నేను రాయలేదు. అది నా తప్పే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

అంటే రూలు ఇద్దరికీ ఒకటే, నోటీసు ఇద్దరికీ ఇవ్వాలి. షాపు అతనికి ఇస్తాం, ఎందుకంటే ఇవ్వకపోతే కోర్టులో మాకు అక్షింతలు పడతాయని తెలుసు. బండి అమ్మకి ఇవ్వం, ఆవిడ కోర్టుకి రాదని కూడా తెలుసు. మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

ట్రాక్టర్ మీద వచ్చే కుర్రాళ్ళని తిట్టకండి బాబూ. వాళ్ళు ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్, జీతం రెండు మూడు నెలలకోసారి. అమ్మగారి మొహం చూడని ఆ అబ్బాయి రాత్రి అన్నం తినుంటాడని నేను అనుకోను.

మీ సామాను గురించి ఒక చిట్కా. పట్టుకొచ్చినవి ఆఫీసులో ఉండవు. చెత్త బళ్ళు పెట్టే యార్డ్‌లోనో, పాత వాటర్ ట్యాంక్ కిందో పడేస్తారు. ఆఫీసులో "తెలీదు" అన్నవాడికి నిజంగానే తెలియకపోవచ్చు. అర్జీ స్టాంపు వేయించుకుని, ఆ కాపీ పట్టుకుని యార్డ్‌కి వెళ్ళండి. కాపీ చేతిలో లేకుండా వెళ్తే లోపలికి రానివ్వరు.

---

మాదాపూర్_మెస్

బ్రో, నేను హైదరాబాద్ ఐటీ సైడ్. 2024 జనవరిలో ఇక్కడ రోడ్డు పక్క భోజనం అమ్మే కుమారి ఆంటీ విషయం గుర్తుందిగా. వీడియోలు వైరల్ అయ్యి జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోతుందని పోలీసులు ఆపించారు, వెంటనే సీఎం రేవంత్ రెడ్డి గారు అక్కడే పెట్టుకోనివ్వండి అని చెప్పారు. ఆంటీకి మంచి జరిగింది, నేను కూడా అక్కడ తిన్నాను, సంతోషమే. కానీ ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న ఉండిపోయింది. ట్రాఫిక్‌కి అడ్డమైతే సీఎం చెప్పినా అడ్డమే, కాకపోతే పోలీసులు ఆపించింది తప్పు. రెండిట్లో ఏదో ఒకటి తేలాలి కదా, తేలలేదు. ఫోన్ వచ్చింది, అయిపోయింది. అదే లైనులో మిగతా బళ్ళవాళ్ళు, యూట్యూబ్ లేనివాళ్ళు, వాళ్ళకి ఏ సీఎం ఫోన్ చేస్తారు? ఫోన్‌తో తీసిన బండి ఫోన్‌తోనే వెనక్కొస్తే, ఫోన్ చెయ్యగలిగే మనిషి ఎవరా అని వెతుక్కోవడమే మన పనైపోతుంది. మీరు కూడా లోకల్ లీడర్ దగ్గరకి పోకండి బ్రో, వెళ్తే రేపు ఆయన ఫ్లెక్సీకి చందా అడుగుతాడు. చట్టం ప్రకారమే వెళ్ళండి, లేటైనా సరే.

---

చెరుకురసం

అన్నా, నేను ఒక్కడినే కంప్లైంట్ పెట్టి దెబ్బతిన్నా. వారం తిరక్కుండా మా బండి ఒక్కటే మూడుసార్లు ఆపారు, మిగతావాళ్ళని ముట్టుకోలేదు. పగబడతారా అంటే ఒక్కడివైతే పగబడతారు. తర్వాత 22 మందిమి కలిసి సంతకాలు పెట్టి సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్‌లో ఇచ్చాం, అప్పట్నుంచి ఆపలేదు. మీ రోడ్డులో ఎన్ని బళ్ళు పోయాయి? ముందు వాళ్ళని కలుపు. వేలిముద్ర వేసేవాళ్ళయినా పర్లేదు. ఇంకోటి, ఆశీలు స్లిప్పు మీద తేదీ, రేటు ఉందో లేదో చూసుకో, మా దగ్గర రేటు 10 అయితే 20 తీసుకునేవాడు, అది కూడా అర్జీలో రాశాం.

---

గోదారి_గట్టు

అందరికీ చాలా థాంక్స్ అండీ. రెండు వారాలు అయ్యింది కాబట్టి ఏం జరిగిందో చెప్తాను.

సెలవు పెట్టి ఊరెళ్ళాను. ఆ రోజు మొత్తం తొమ్మిది బళ్ళు ఎత్తారు, ఏడుగురు సంతకం పెట్టారు, ఇద్దరు భయపడి పెట్టలేదు, నేను బలవంతం చెయ్యలేదు. అమ్మ మొదట రానంది. కోర్టుపక్షి అన్న రాసింది చదివి వినిపిస్తే "లిస్టు రాసి సంతకం పెట్టి ఇవ్వాలా?" అని రెండుసార్లు అడిగింది. ఇంతకాలం వాళ్ళు ఏం చేస్తే అదే రూలు అనుకుందండీ. అర్జీలో మొదటి సంతకం తనే పెట్టింది. ఫుట్‌పాత్ అక్కా, మీరు చెప్పింది మేమందరం మాట్లాడుకున్నాం, నడిచేవాళ్ళకి నాలుగడుగులు వదిలి గీత గీస్తే ఆ గీత లోపలే ఉంటాం అని అర్జీలో రాశాం, ర్యాంపులకి కూడా అదే గీత ఉండాలని రాశాం.

ఇన్‌వర్డ్‌లో తీసుకోవడానికి గంటన్నర నిలబెట్టారు. స్టాంపు వేశారు. ఆర్టీఐ కూడా ఇచ్చాం, కోర్టుపక్షి అన్న చెప్పిన ఐదు ప్రశ్నలే.

పాత ఉద్యోగి గారూ, మీరు చెప్పినట్టే యార్డ్‌కి వెళ్ళాం, మీరన్నట్టే పాత ట్యాంక్ కిందే ఉన్నాయి. కాటాలు, గొడుగులు, చెరుకు మిషన్ చక్రం, ఎవరివో పేర్లు రాసిన బోర్డులు, అన్నీ వానకి తడిసి ఒక గుట్ట. అమ్మ వంగి ఒక్కొక్కటీ పక్కకి తీసింది. మా పెనానికి ఒక మూల మావయ్య వెల్డింగ్ పెట్టించిన మచ్చ ఉంటుంది, చేత్తో తడిమి పట్టేసింది. తుప్పు పట్టింది. స్టవ్ దొరకలేదు.

వాచ్‌మెన్ తీసుకెళ్ళమన్నాడు, సంతకం ఏమీ అక్కర్లేదన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "లోపలికి రాసుకోకుండా తెచ్చారు, బయటికైనా రాసుకుని పంపండి" అంది. అతని దగ్గర రిజిస్టర్ లేదు. నా బ్యాగులో ఉన్న నోట్‌బుక్ కాగితం చించి ఇచ్చాను, "పెనం 1" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పుడు ఆశీలు స్లిప్పుల డబ్బాలో ఉంది.

ఆర్టీఐ గడువు ఇంకా 19 రోజులుంది. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.